ఫ్రాన్సు మంచుకొండలలో శీతకాలపు సెలవులు – హేమంత శిశిర ఋతుచర్య

విదేశాలలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులు ఒకప్పుడు వేసవిలోనే ప్రయాణం పెట్టుకునేవారు. ఇప్పుడు మనవల సెలవులు ఎప్పుడు వస్తే అప్పుడే అమ్మమ్మలు, తాతయ్యలు విమానం ఎక్కుతున్నారు. ఫ్రాన్సు దేశంలో బడిపిల్లలకు చలికాలంలో రెండు విడతల సెలవులున్నాయి. క్రిస్మసుకు రెండు వారాలు, ఆపైన ఫిబ్రవరి మార్చి నెలల నడుమ ప్రాంతాన్ని బట్టి తేదీలు మారుతూ మరో రెండు వారాలు. ఈ సెలవులలో ఎందరో కుటుంబ సమేతంగా ఆల్ప్సు పర్వతాలకు తరలిపోతారు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలూ వారితోపాటే మంచుకొండల దారి పడతారు. వెంట ఇక్కడి నుండి వెళ్ళిన పెద్దవారు.

"శాస్త్రిగారూ, ఆ చలికి మేము తట్టుకోగలమా?" అని నన్ను అడిగేవారు రెండు రకాలు. మంచు అన్న మాట వినగానే భయపడి, మనవడితో గడపవలసిన పది రోజులనూ కిటికీ లోపలే గడిపేవారు ఒకరు. రక్తపోటు, మధుమేహం ఉన్నా లెక్కచేయక, దిగిన మర్నాడే పన్నెండు వేల అడుగుల ఎత్తుకు తీగబండి ఎక్కేవారు మరొకరు. మా అమ్మాయి, అల్లుడు గ్రెనోబుల్ నగరంలో ఉంటున్నారు. వారి వద్ద రెండు చలికాలాలు గడిపిన అనుభవంతోను, గురుకులంలో నేర్చిన ఋతుచర్యతోను ఈ ఇరువురికీ చెప్పవలసిన సంగతులు ఈ వ్యాసంలో వివరిస్తాను.

గ్రంథాలలోని హేమంతం

క్రిస్మసు సెలవులు మన మార్గశిర పుష్యమాసాలలో, అంటే హేమంత ఋతువులో వస్తాయి. ఫిబ్రవరి సెలవులు శిశిరంలో పడతాయి. చరకుడు సూత్రస్థానం ఆరవ అధ్యాయంలోను, వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం మూడవ అధ్యాయంలోను ఈ రెండు ఋతువులకు విడివిడిగా చర్యలు చెప్పారు. కంబళ్ళు, పట్టు, జంతు చర్మాలు కప్పుకోవాలని, భూగృహాలలోను గర్భగృహాలలోను నివసించాలని, అగరు పూసుకోవాలని వాటిలో ఉంటుంది. గోదావరి ఒడ్డున మా గురువుగారి అరుగు మీద కూర్చుని ఈ శ్లోకాలు వల్లె వేసేటప్పుడు మాకు ఇవి వింతగా తోచేవి. మాకు తెలిసిన హేమంతమంతా తెల్లవారుజామున ఒక దుప్పటి, ధనుర్మాసపు పొంగలి. కోస్తాలో మనం చూసే శీతకాలం ఆ గ్రంథాలలోని శీతకాలానికి నీడ మాత్రమే.

సవోయ్ ప్రాంతపు పల్లెలలో పాత రైతు ఇళ్ళు చూచినప్పుడు ఆ శ్లోకాలు నాకు కళ్ళకు కట్టాయి. పూర్వం అక్కడి రైతులు చలికాలమంతా పశువులతో కలసి ఒకే కప్పు కింద ఉండేవారు. పశువుల ఒంటివేడి ఇంటికి వేడి. పై అటకనిండా ఎండుగడ్డి నింపితే అది పశువులకు మేత, మనుష్యులకు చలి అడ్డు. మందమైన గోడలు, చిన్న కిటికీలు. గర్భగృహం అంటే ఇదే కదా అనిపించింది.

ఆ రెండు ఋతువుల మధ్య ఒక భేదం గుర్తుంచుకోవాలి. హేమంతం విసర్గకాలపు చివరి భాగం, శరీరానికి బలం నిండుగా ఉండే సమయం. శిశిరంతో ఆదానకాలం మొదలవుతుంది. చలి హేమంతం కంటె హెచ్చు, దానికి తోడు రూక్షత, అంటే పొడిదనం చేరుతుంది. కనుక హేమంత చర్యనే శిశిరంలో మరింత గట్టిగా పాటించాలని శాస్త్రం. డిసెంబరులో వెళ్ళినవారి కంటె ఫిబ్రవరిలో వెళ్ళేవారు స్నేహద్రవ్యాల విషయంలో, అంటే నూనె నేతుల విషయంలో, ఎక్కువ శ్రద్ధ తీసుకోవలెను.

అసలు చిక్కు ఋతుసంధిలో ఉంది

మంచు దేశంలో మనవారికి వచ్చే అనారోగ్యాలకు చలిని నిందించటం పరిపాటి. నా అభిప్రాయం వేరు. చలి శత్రువు కాదు, తొందర శత్రువు. గడిచే ఋతువులోని చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువులోని మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అన్నారు. ఆ పద్నాలుగు రోజులలో పాత అలవాట్లను కొంచెం కొంచెంగా విడుస్తూ కొత్త చర్యను కొంచెం కొంచెంగా అలవరచుకోవాలి. ఒక్కసారిగా విడిచి, ఒక్కసారిగా పట్టుకుంటే అసాత్మ్యం వలన రోగాలు పుడతాయని వాగ్భటుడు హెచ్చరించాడు. విజయవాడలో ఇరవై డిగ్రీలకు దగ్గరగా ఉన్న డిసెంబరు రాత్రిని విడిచి, ఒక్క పగలు గడిచేసరికి సున్నాకు పది డిగ్రీల దిగువన ఉన్న షమోనీ లోయలో దిగినవాడికి ఋతుసంధి ఎక్కడిది? ప్రకృతి పద్నాలుగు రోజులలో చేసే పనిని విమానం పద్నాలుగు గంటలలో చేసేస్తున్నది. కనుక ఆ సంధిని మనమే కల్పించుకోవలెను.

ప్రయాణానికి ఏడు రోజుల ముందు నుండి ప్రతిరోజూ గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దన చేసుకుని, శనగపిండితో రుద్దుకుని వేడినీటి స్నానం చేయవలెను. చల్లని నీరు, రాత్రిపూట పెరుగు, ఐస్‌క్రీం మానవలెను. ఉదయం అరగంట సేపు వేగంగా నడవవలెను. ఇది మొదటి ఏడు రోజుల పని.

తరువాతి ఏడు రోజులు అక్కడ దిగినాక. వెంటనే కొండల మీదికి పోక, దిగువ ఊరిలో ఉండటం మంచిది. గ్రెనోబుల్ సముద్రమట్టానికి 214 మీటర్ల ఎత్తులోనే ఉంది. చుట్టూ షార్త్రూజ్, వెర్కోర్, బెల్‌డొన్ అనే మూడు పర్వత శ్రేణులు. ఏ వీధి చివర నిలబడినా ఎదుట తెల్లని కొండ కనిపిస్తుంది. వారం రోజులు ఆ వీధులలో మధ్యాహ్నపు ఎండవేళ నడిచి, ఆపైన 1968 శీతకాల ఒలింపిక్సు పోటీలు కొన్ని జరిగిన షాంరూస్ వంటి దగ్గరి కొండకు ఒక పూట వెళ్ళి రావచ్చు. రెండు మూడు నెలల వీసా మీద వెళ్ళే తల్లిదండ్రులకు ఇది ఏమంత కష్టం కాదు. పిల్లల సెలవులు మొదలయ్యే రోజుకు సరిగ్గా దిగేటట్లు కాక, పది రోజుల ముందుగా టిక్కెట్టు తీసుకుంటే చాలు.

జఠరాగ్ని – భోజనం

చలిగాలి తగిలి చర్మరంధ్రాలు ముడుచుకున్నప్పుడు శరీరంలోని ఉష్ణం బయటకు పోక లోపలే నిలిచి జఠరాగ్నిని పెంచుతుంది. కుమ్మరి ఆవానికి పైన మట్టి కప్పినట్లు. అంతటి అగ్నికి తగిన ఇంధనం, అంటే గురువైన, స్నిగ్ధమైన ఆహారం అందకపోతే అది ధాతువులనే దహిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. అందుకే మధుర, ఆమ్ల, లవణ రసాలు గల ఆహారం ఈ ఋతువులలో విధించారు. రాత్రులు దీర్ఘంగా ఉంటాయి కనుక తెల్లవారేసరికే ఆకలి వేస్తుందని కూడ వాగ్భటుడు చెప్పాడు. మన దగ్గర డిసెంబరు రాత్రి సుమారు పదమూడు గంటలు. షమోనీలో పదిహేను గంటలకు పైమాటే. ఎనిమిది దాటితే గాని సూర్యోదయం లేదు. రాత్రి ఏడింటికి తిన్నవారికి ఉదయం ఆరింటికే కడుపులో మంట రేగితే అది రోగం కాదు, ఋతుధర్మం. అటువంటివారు కాఫీతో సరిపెట్టక వేడి ఉప్మా, గోధుమరవ్వ జావ, నెయ్యి వేసిన పొంగలి వంటిది పెందలకడ తినవలెను.

కొండ ప్రాంతపు వంటలు ఈ సూత్రానికి చక్కని ఉదాహరణలు. రాక్లెట్ అనే వంటకంలో పెద్ద జున్నుముక్కను సెగకు కరిగించి ఉడికిన బంగాళాదుంపల మీద గీకి వేస్తారు. పక్కన తప్పనిసరిగా పులుపులో ఊరవేసిన చిన్న దోసకాయలు, ఉల్లిపాయలు ఉంటాయి. గురు స్నిగ్ధ పదార్థానికి ఆమ్లరసాన్ని జోడించి అగ్నిదీపనం చేయటం వారికి ఎవరు నేర్పారు? చలి నేర్పింది. కరిగిన జున్నుతో చేసే ఫాండ్యూ తినేటప్పుడు చల్లని నీరు త్రాగరాదని అక్కడి పెద్దలు పిల్లలను మందలిస్తారు. వేడి టీ త్రాగమంటారు. మనం ఉష్ణోదకం అనుపానం అంటాము, వారికి ఆ మాట తెలియదు, అంతే.

అయితే శాకాహారులు ఒక సంగతి తెలుసుకోవాలి. బోఫోర్, రెబ్లోషాన్ వంటి అక్కడి సంప్రదాయ జున్నులలో పాలు విరచటానికి దూడ కడుపు నుండి తీసిన తోడు వాడతారు. ఫాండ్యూలో ద్రాక్షసారా కలుపుతారు. టార్టిఫ్లెట్ అనే దుంపల వంటకంలో పందిమాంసం ముక్కలుంటాయి. "కూరగాయల వంటకమే కదా" అని నమ్మి తిన్న తరువాత తెలిసి బాధపడినవారిని చూచాను. మాంసం లేదని మాత్రమే కాక, జున్ను తోడు దేనితో చేసినదని కూడ అడగవలెను. గ్రెనోబుల్ ప్రాంతపు దోఫినువా గ్రాటన్ అనే వంటకం ఇటువంటివారికి అనువైనది. పలుచగా తరిగిన బంగాళాదుంపలు, పాలు, మీగడ, వెల్లుల్లి, కొద్దిగా జాజికాయ కలిపి సన్నని సెగన కాలుస్తారు. అసలు పద్ధతిలో అందులో జున్నే ఉండదు. గోధుమతోను, కుట్టు అనే ధాన్యపు పిండితోను చేసే చిన్న చదరపు క్రొజే బిళ్ళలు కూడ మంచివే. వాటికి వెన్న, మిరియాలు చాలు.

అక్రోటు కాయలను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రెనోబుల్ అక్రోట్లు పేరుపొందినవి. 1938లోనే ఆ దేశ ప్రభుత్వం వాటి పుట్టిన ప్రాంతానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. చరకుడు అక్షోటమనే పేరుతో దీనిని బాదం, పిస్తా వంటి వాటితో కలిపి గురువు, ఉష్ణం, స్నిగ్ధం, బలకరం అని వర్ణించాడు. రాత్రి నానవేసిన నాలుగైదు అక్రోటు పప్పులు ఉదయం తింటే వాతశరీరులకు ఎంతో మేలు. మన నువ్వులుండ చేసే పనిని అక్కడ ఈ పప్పు చేస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక. శీతకాలంలో అగ్ని ప్రబలంగా ఉంటుందన్న మాటను శాస్త్రం 'బలవంతులకు' అని చెప్పింది. ఆ ఒక్క పదాన్ని చాలామంది వైద్యులు కూడ దాటవేస్తారు. రోజంతా మంచులో జారి వచ్చిన ఇరవై ఐదేళ్ళ అల్లుడికి రాక్లెట్ హితం. సోఫాలో కూర్చుని కిటికీలో నుండి మంచు చూచిన అరవై ఎనిమిదేళ్ళ మామగారికి అదే రాక్లెట్ ఆమాన్ని పుట్టిస్తుంది. ఆయనకు పెసరపప్పు కట్టు, మిరియాల చారు, మెత్తని వేడి అన్నంలో చెంచాడు నెయ్యి చాలు. భోజనానికి ముందు చిటికెడు శొంఠిపొడి, రెండు ఉప్పురవ్వలు అన్నపుముద్దలో కలిపి తినవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు వదలి శొంఠితో సరిపెట్టుకోవలెను.

నెయ్యి ఇక్కడి నుండి తీసుకుపోరాదు. వెలుపలి దేశాల నుండి పాల పదార్థాలను, మాంసాన్ని సామానులో తేవటాన్ని ఐరోపా దేశాలు నిషేధించాయి. అక్కడ దొరికే ఉప్పు లేని వెన్న శ్రేష్ఠమైనది. దానిని కొని సన్నని మంట మీద కాచుకుంటే కమ్మని నెయ్యి సిద్ధం. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, నల్లబెల్లం, వేయించి విసిరిన మినప పిండి మాత్రం వెంట ఉంచుకోవచ్చు. బెల్లం దంచి, అక్కడ కాచిన నేతితో సున్నుండలు చుట్టుకుంటే పిల్లలకు కొండ మీద అంతకు మించిన చిరుతిండి లేదు.

వాము అయిపోతే బెంగ పెట్టుకోనక్కరలేదు. ఫ్రెంచివారు జలుబుకు, దగ్గుకు థైమ్ అనే చిన్న ఆకును వేడినీటిలో నానవేసి త్రాగుతారు. వాములో ఘాటునిచ్చే థైమాల్ అనే తైలసారమే ఆ ఆకులోనూ ఉంది. ఒక చెంచాడు ఎండు ఆకును గ్లాసెడు మరిగిన నీటిలో పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, వడగట్టి, తాటిబెల్లం కలిపి త్రాగవలెను. తేనె వేయదలచినవారు గోరువెచ్చగా చల్లారిన తరువాతనే వేయవలెను. తేనెను కాచటం మన శాస్త్రానికి విరుద్ధం. తేనెతో కాల్చే అక్కడి మసాలా రొట్టె ఎంత రుచిగా ఉన్నా, నా వరకు ఒక ముక్కతో ఆపేవాడిని.

మద్యం సంగతి. మంచు ఊళ్ళ సంతలలో లవంగం, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి కాచిన వేడి ద్రాక్షసారా అమ్ముతారు. ఆ వాసన దూరం నుండే పిలుస్తుంది. హేమంతచర్యలో మద్యాల ప్రస్తావన గ్రంథాలలో లేకపోలేదు. దానిని పట్టుకుని "శాస్త్రమే చెప్పింది కదా మామయ్యగారూ" అన్నాడు మా అల్లుడు నవ్వుతూ. వేడి గర్భగృహంలో కూర్చున్నవాడి మాట అది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒంటికి వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి బయటకు తరలిపోతుంది. మంచులో తిరుగుతూ త్రాగటం ప్రమాదమని ఆధునిక వైద్యం స్పష్టంగా చెబుతున్నది, నేనూ అదే చెబుతాను. అవే లవంగాలు, అదే దాల్చినచెక్క ద్రాక్షరసంలోనో ఆపిల్ రసంలోనో వేసి కాచి ఇచ్చేవారూ ఆ సంతలలో ఉంటారు.

ఫిబ్రవరి 2వ తేదీన అక్కడివారు షాందెలర్ పండుగ చేసి అట్లు పోసుకుంటారు. చేతిలో నాణెం పట్టుకుని పెనం మీది అట్టును గాలిలోకి ఎగురవేసి తిరగవేస్తే ఆ ఏడు ధనానికి లోటుండదని నమ్మకం. మా అమ్మాయి ఇంట ఆ రోజు మినపట్లు పోశాము. ఎగురవేయటం మాత్రం మా మనవడికి వదిలిపెట్టాము.

అభ్యంగనం

మంచుదేశంలో మన చర్మానికి, కీళ్ళకు జరిగే హాని చలి వలన సగం, ఇంటిలోని కృత్రిమమైన వేడి వలన సగం. బయటి చల్లగాలిలో తేమ ఇమడదు. దానినే లోపలికి తెచ్చి ఇరవై రెండు డిగ్రీలకు వేడి చేస్తే అది పరమ రూక్షమవుతుంది. ముక్కులో రక్తపు చారలు, పెదవుల పగుళ్ళు, కాళ్ళ మీద దురద, మలబద్ధం, నిద్రపట్టకపోవటం, ఇవన్నీ వాతలక్షణాలే. గదిలో వేడి యంత్రం దగ్గర వెడల్పాటి గిన్నెతో నీరు ఉంచవలెను. రోజుకు రెండుసార్లు ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తీయవలెను. చలి వేస్తున్నదని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టటం ప్రాణాంతకం. దాని నుండి వెలువడే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు.

వాతానికి తైలాన్ని మించిన ఔషధం లేదు. నువ్వుల నూనెను గిన్నెతో వేడినీటిలో ఉంచి వెచ్చచేసి, మాడు, చెవుల వెనుక, కీళ్ళు, అరికాళ్ళు ముఖ్యంగా పట్టించి పావుగంట నిదానించి వేడినీటి స్నానం చేయవలెను. ప్రతిదినం వీలుకానివారు అరికాళ్ళకు మాత్రమైనా రాత్రి పడుకునే ముందు రాసి, మేజోళ్ళు తొడుక్కోవలెను. కొబ్బరినూనె శీతవీర్యం, పైగా ఆ చలికి సీసాలోనే గడ్డకడుతుంది, ఇక్కడే ఉంచి వెళ్ళండి. అక్కడి అంగళ్ళలో నువ్వులను మాడ్చి తీసిన ముదురు రంగు నూనె దొరుకుతుంది, అది వంటకు. పచ్చినువ్వుల నూనె అడిగి తీసుకోవలెను. ముక్కుపుటాలలో ఉదయం రెండేసి చుక్కలు నువ్వుల నూనె గాని, అణుతైలం గాని వేసుకుంటే పొడిదనం తగ్గుతుంది. స్నానపు తొట్టెలో నూనెకాళ్ళతో జారిపడకుండ కింద రబ్బరుచాప పరచుకోవటం మరువరాదు. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే ఏ తైలమూ సెలవులను తిరిగి ఇవ్వలేదు.

నూనె రాసుకున్నంత మాత్రాన ముఖానికి, వ్రేళ్ళకు మంచుకాటు నుండి రక్షణ కలగదు. అది బట్టల పని.

మంచులో ఆటలు – అర్ధశక్తి నియమం

వ్యాయామం శీతకాలంలో కూడ అర్ధశక్తితోనే చేయాలని శాస్త్రనియమం. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పొడసూపి, నోటితో శ్వాస తీయవలసి వచ్చినప్పుడు సగం శక్తి ఖర్చయిందని గుర్తు. మంచు కొండ మీద ఈ నియమానికున్న విలువ మైదానంలో ఊహించలేము. చెమటతో తడిసిన లోదుస్తు, ఆడుట ఆపిన పది నిమిషాలలో మంచుగడ్డ వలె ఒంటికి అంటుకుంటుంది. అందుచేత లోపల నూలు బనియను పనికిరాదు, అది తడిని పీల్చి పట్టుకుంటుంది. పలుచని ఉన్ని లోదుస్తు, దానిపై మందమైన ఉన్ని, ఆపైన గాలి చొరని అంగీ, ఈ మూడు పొరలు వేసుకోవలెను. నడిచేటప్పుడు ఒక పొర తీసి, నిలిచినప్పుడు తొడగవలెను.

స్కీ ఆట అరవై దాటినాక కొత్తగా నేర్చుకోదగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. జారుడుదారులను ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులతో గుర్తిస్తారు, ఆకుపచ్చవి అతి సులువైనవి. వాటిని పిల్లలకు వదలండి. పెద్దవారికి చదునైన మంచుబాటల మీద నడక ఉంది. మంచులో కూరుకుపోకుండ బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి తొడుగులు అద్దెకు దొరుకుతాయి. సరళవృక్షాల నడుమ, కొమ్మల మీది మంచు రాలే చప్పుడు తప్ప మరేమీ వినబడని చోట గంటసేపు నడిస్తే మనస్సుకు కలిగే ప్రశాంతత ఏ లేహ్యంతోనూ రాదు.

ఇక ఎత్తుల సంగతి. షమోనీ లోయ 1,035 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి శీతకాల ఒలింపిక్సు 1924లో ఇక్కడే జరిగాయి. అక్కడి నుండి 1955లో ఏర్పడిన తీగబండి సుమారు ఇరవై నిమిషాలలో యాత్రికులను 3,777 మీటర్లకు చేరుస్తుంది. ఎగ్వీ దు మీదీ అనే ఆ శిఖరం మీద నిలబడితే 4,800 మీటర్లకు పైబడిన మాంట్ బ్లాంక్ చేతికందేటట్లు ఉంటుంది. చూడదగిన దృశ్యమే. కాని అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కూడ చాలదు. హృద్రోగులు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు ఆ ఎత్తుకు పోరాదు. ఆరోగ్యవంతులైనా పైన పరుగెత్తక, మెల్లగా నడచి, తలనొప్పి, వికారం, తల తిరగటం తోచిన వెంటనే కిందికి దిగవలెను. దిగటమే దానికి మందు.

మాంట్ బ్లాంక్‌ను 1786 ఆగస్టు 8న మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకరు షమోనీ ఊరి వైద్యుడు మిషెల్ గాబ్రియెల్ పక్కార్, మరొకరు జాక్ బాల్మా. దిగివచ్చేటప్పుడు ఆ వైద్యుడికి మంచువెలుగు తాకి కళ్ళు కనిపించలేదు. తాజా మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాలలో నూటికి ఎనభై పాళ్ళ వరకు తిరిగి పైకి చిమ్ముతాయి. ప్రతి వెయ్యి మీటర్లకు వాటి తీవ్రత నూటికి సుమారు పది పాళ్ళు హెచ్చుతుంది. చలిలో ఎండ తెలియదు కనుక మనవారు కళ్ళద్దాలను అలంకారమనుకుంటారు. పక్కలు కూడ మూసే నల్లకళ్ళద్దాలు పిల్లలకు సైతం తప్పనిసరి. కళ్ళు మండి నీరు కారితే చీకటిగదిలో విశ్రాంతి, పైన చల్లని తడిగుడ్డ, వెంటనే నేత్రవైద్యుడు. కంటిలో పాలు, తేనె, ఆముదం వేసే గృహవైద్యాలు ఇక్కడ చేయరాదు.

వ్రేళ్ళు, చెవులు, ముక్కుకొన తెల్లబడి స్పర్శ తెలియకపోతే అది మంచుకాటు. మంచుతో రుద్దటం, నూనెతో మర్దించటం, నిప్పు దగ్గర పెట్టటం, మూడూ హానికరాలే. వెచ్చని చోటికి చేరి, మళ్ళీ గడ్డకట్టే భయం లేదనుకున్నప్పుడే, ముప్పై ఏడు నుండి ముప్పై తొమ్మిది డిగ్రీల నీటిలో ఉంచి వైద్యుని వద్దకు పోవలెను. మాట తడబడుతూ, వణుకు ఉన్నట్టుండి ఆగిపోతే ప్రాణాపాయం, 112 నంబరుకు ఫోను చేయవలెను.

ఎవరు ఆగవలెను, ఎవరు వెళ్ళవలెను

చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు తమకు మందులిచ్చే వైద్యుని అనుమతి లేక వెళ్ళరాదు. నా కషాయాలు ఆ మందులకు బదులు కావు. మధుమేహులు ఇన్సులిన్‌ను పై సంచిలో కాక లోపలి అంగీ జేబులో ఉంచుకోవలెను, గడ్డకట్టితే అది పనికిరాదు. కాళ్ళ స్పర్శ తగ్గినవారు వేడినీటి సంచులను పాదాలకు తగిలించరాదు, కాలినా తెలియదు. ఉబ్బసం ఉన్నవారు ముక్కు, నోరు ఉన్ని కండువాతో మూసి శ్వాసించవలెను.

మా ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులున్నారు. రక్తపోటు, మోకాళ్ళ నొప్పి. కుమారుడు అక్కడ ఉద్యోగి. ఐదేళ్ళ మనవడు ఫోనులో ప్రతి ఆదివారం "తాతయ్యా, నువ్వొస్తే మంచుబొమ్మ చేద్దాం" అనేవాడట. భార్య వెళ్దామని, ఆయన వద్దని. వైద్యపరీక్షలు చేయించి, ప్రయాణానికి ముందు ఏడు, తరువాత ఏడు రోజుల చర్య వ్రాసి ఇచ్చి, ఫిబ్రవరిలో పంపాను. ఆయన తీగబండి ఎక్కలేదు, కొండ అడుగున ఎండ తగిలే బల్ల మీద కూర్చున్నారు. మనవడు మంచు తెచ్చి పోశాడు, ఆయన చేతితొడుగులతో తల చేసి పెట్టారు. ఆ మంచుబొమ్మ ఫొటో ఇప్పుడు వారి ముందుగదిలో ఉన్నది.

తిరిగి వచ్చినాక

మంచుకొండలలో హిమపాతాలు ఎలా పుడతాయో అక్కడివారు ఇలా వివరిస్తారు. చలికాలమంతా మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. లోపల ఒక పొర బలహీనంగా ఉంటుంది. పైన బరువు పెరిగినా, ఎండ తగిలి కరిగినా ఆ పై పొరలన్నీ ఒక్కసారిగా జారిపడతాయి. ప్రమాదస్థాయిని ఒకటి నుండి ఐదు వరకు అంకెలతో ప్రతిదినం ప్రకటిస్తారు. ఆ అంకె చూడకుండ దారి విడిచి పోరాదు. ఇది వింటున్నంతసేపూ నాకు కఫ సంచయమే గుర్తుకు వచ్చింది. శీతకాలంలో శరీరంలో పేరుకున్న కఫం వసంతకాలపు ఎండకు కరిగి అగ్నిని చల్లార్చి జలుబు, దగ్గు, అరుచి, బరువు కలిగిస్తుంది. అక్కడ మంచు ఏప్రిల్‌లో మెల్లగా కరుగుతుంది. మార్చిలో విజయవాడ విమానాశ్రయంలో దిగినవాడికి ఒక్క పూటలో వసంతమూ కాదు, గ్రీష్మమే ఎదురవుతుంది.

కనుక తిరుగు ప్రయాణానికి కూడ ఋతుసంధి కావలెను. బయలుదేరే ముందు వారం రోజులు జున్ను, మీగడ, మినప పదార్థాలు క్రమంగా తగ్గించవలెను. ఇంటికి చేరిన తరువాత ఏడు రోజులు పాత బియ్యపు అన్నం, పెసరకట్టు, పొట్లకాయ, బీరకాయ, మిరియాల చారుతో తేలికగా భోజనం చేయవలెను. గోరువెచ్చని నీటిలో చెంచాడు తేనె ఉదయం త్రాగవలెను, మధుమేహులు తేనె మాని వేడినీరు మాత్రమే త్రాగవలెను. పగటినిద్ర, పెరుగు, చల్లని పానీయాలు ఆ వారమంతా కూడవు. నూనె మర్దన వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించి, పొడి శనగపిండితో నలుగు పెట్టుకోవలెను. చలిలో పెరిగిన రక్తపోటుకు అక్కడి వైద్యుడు మందు మోతాదు హెచ్చించి ఉంటే, ఎండకు రక్తపోటు దిగి కళ్ళు తిరిగే అవకాశమున్నది. దిగిన మూడవ నాటికి ఒకసారి రక్తపోటు చూపించుకుని మోతాదును మీ వైద్యునితో సరిచేయించుకోవలెను.